శంషాబాద్‌లో రైల్వే స్టేషన్ ఉంది... ఎయిర్‌పోర్ట్‌కే రైలు లేదు!

హైదరాబాద్ నుంచి విమానం ఎక్కాలంటే ఎలా వెళ్తారు? క్యాబ్. కాదంటే పుష్పక్ బస్సు. అదీ కాదంటే బంధువుల్లో ఎవరిదో ఒకరి కారు. ఇంకో దారి గుర్తొచ్చిందా? రాదు. ఎందుకంటే లేదు.

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం శంషాబాద్‌లో మొదలైంది 2008 మార్చిలో. అప్పట్లో ఏడాదికి కోటీ 20 లక్షల మంది ప్రయాణికుల కోసం కట్టారు. ఇప్పుడా సామర్థ్యం 3 కోట్ల 40 లక్షలు. అక్కడికి చేరుకోవడానికి ఒకదాని వెనక ఒకటి రోడ్లు కూడా వచ్చాయి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచారు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. దాంట్లో గచ్చిబౌలి–శంషాబాద్ ముక్కే ముందు పూర్తయింది. ఇన్ని వచ్చాయి గానీ రైలు పట్టా మాత్రం టెర్మినల్ దాకా రాలేదు.

అసలు విశేషం అది కాదు. పట్టా దగ్గరి దాకా వచ్చింది. వచ్చి, ఆరు కిలోమీటర్ల ముందే ఆగిపోయింది. ఆ ఆరు కిలోమీటర్ల సంగతేంటో చూద్దామని నేను ఎంఎంటీఎస్ ఎక్కాను.

ఉందానగర్ ఎక్కడుందో తెలుసా?

కాచిగూడ నుంచి దక్షిణం వైపు రైలు కదిలితే వరసగా వచ్చే స్టేషన్లు మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. పాతబస్తీ ఇళ్ల వెనక గోడలు, ఆరేసిన బట్టలు, డాబాల మీద పతంగులు ఎగరేసే పిల్లలు కిటికీలోంచి కనిపిస్తారు. ఫలక్‌నుమా దాటాక శివరాంపల్లి, బుద్వేల్. ఆ తర్వాత ఉందానగర్. ఈ ఉందానగర్ స్టేషనే శంషాబాద్ రైల్వే స్టేషన్. పేరు వేరు కావడంతో చాలామందికి ఇది శంషాబాద్‌లో ఉందన్న సంగతే తెలియదు. మా ఆఫీసులో పదిమందిని అడిగితే ఇద్దరు చెప్పగలిగారు. ఆ ఇద్దరిదీ మహబూబ్‌నగర్ వైపు ఊరు.

ఈ లైను కొత్తది కాదు. నిజాం రోజుల్లో సికింద్రాబాద్ నుంచి కర్నూలు వైపు వేసిన మీటర్ గేజ్ దారి ఇది. తర్వాత బ్రాడ్ గేజ్ అయింది. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వాళ్లకు ఇది పాత చుట్టం. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య రెండో లైను పని కూడా పూర్తయి, 2023 ఏప్రిల్ 8న ప్రధాని మోదీ దాన్ని జాతికి అంకితం చేశారు. అదే రోజు ఫలక్‌నుమా నుంచి ఉందానగర్‌కు ఎంఎంటీఎస్ పొడిగింపు కూడా మొదలైంది.

ఎంఎంటీఎస్ అంటే మన లోకల్ రైలు. 2003 ఆగస్టులో మొదలైంది. టికెట్ అయిదు రూపాయల నుంచి ఉంటుంది. ఈ రోజుల్లో అయిదు రూపాయలకు చాయ్ దొరకడమే కష్టం!

ఉందానగర్‌లో దిగి చుట్టూ చూశాను. కొత్త ప్లాట్‌ఫారాలు, పాదచారుల వంతెన అన్నీ ఉన్నాయి. నాతో పాటు దిగినవాళ్లలో సూట్‌కేసు లాగుతున్నవాళ్లు ఒక్కరూ లేరు. టిఫిన్ బాక్సు సంచులు, కాలేజీ బ్యాగులు మాత్రమే కనిపించాయి. తల పైకెత్తితే చక్రాలు కిందికి దించిన విమానం ఒకటి పోతోంది. అంటే ఎయిర్‌పోర్ట్ కనుచూపు మేరలోనే ఉంది, కాలినడక మేరలో లేదు.

ఆరు కిలోమీటర్లు ఎక్కడ ఆగాయి?

ఎంఎంటీఎస్ రెండో దశను 816 కోట్ల రూపాయల అంచనాతో మంజూరు చేసినప్పుడు అందులో ఫలక్‌నుమా–ఉందానగర్–ఎయిర్‌పోర్ట్ లైను ఉంది. మొత్తం 20 కిలోమీటర్లు: ఉందానగర్ దాకా 14, అక్కడి నుంచి విమానాశ్రయానికి 6. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఏళ్లు గడిచాయి. మేడ్చల్ వైపు పని అయింది. మౌలాలి మీదుగా ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి రైలు 2024 మార్చిలో నడిచింది. ఉందానగర్ దాకా 14 కిలోమీటర్లూ అయ్యాయి. చివరి 6 మాత్రం పక్కకు పోయాయి.

పెళ్లికి అన్నీ సిద్ధం చేసి పుస్తె మరిచిపోయినట్టుంది కదా వ్యవహారం!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ 6 కిలోమీటర్లు వేసినా ఎంఎంటీఎస్ ఒక్కటే సరిపోదు. ఇది మెట్రోలాగా అయిదారు నిమిషాలకొకటి వచ్చే బండి కాదు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ బండ్లు తిరిగే పట్టాల మీదే ఇదీ తిరగాలి. టైంటేబుల్ చూసుకుని వెళ్లాల్సిందే. ఫ్లైట్ పట్టుకోవాల్సినవాడు అంత ధైర్యం చేయడు. కాబట్టి మెట్రో కావాలి. మరి మెట్రో సంగతేంటి?

ఒకే మెట్రో, రెండు దారులు

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ ముక్కతో కలిపి మూడు లైన్లు, 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు అయ్యాయి. అప్పటికి దేశంలో ఢిల్లీ తర్వాత పెద్ద మెట్రో మనదే. ఆ తర్వాత మిగతా నగరాలు పరుగెత్తాయి, మనం ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాం.

2022 డిసెంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎయిర్‌పోర్ట్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. రాయదుర్గం నుంచి శంషాబాద్ దాకా 31 కిలోమీటర్లు, 6,250 కోట్ల రూపాయలు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ దారిని పక్కనపెట్టారు. దాని బదులు నాగోల్ నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగా ఎయిర్‌పోర్ట్‌కు 36.8 కిలోమీటర్ల కొత్త దారి గీశారు. రెండో దశలో ఇలాంటివి మొత్తం అయిదు కారిడార్లు. అన్నీ కలిపి 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. కేంద్రం, రాష్ట్రం కలిసి కట్టే ప్రాజెక్టుగా 2024 నవంబర్‌లో ఆ ప్రతిపాదన ఢిల్లీకి వెళ్లింది.

రెండు దారుల్లో ఏది మంచిది? ఈ ప్రశ్న మీద వాట్సాప్ గ్రూపుల్లో స్నేహాలు చెడిపోయాయి. రాయదుర్గం దారి వైపు వాళ్ల వాదన: ఎక్కువగా ఎగిరేది ఐటీ జనం, లైను తొందరగా పడుతుంది, భూసేకరణ తక్కువ. నాగోల్ దారి వైపు వాళ్ల వాదన: గచ్చిబౌలి నుంచి ఔటర్ మీద కారు అరగంటలో పోతుంది, అక్కడ మెట్రో ఎవరెక్కుతారు? ఎల్బీ నగర్, పాతబస్తీ, ఆరాంఘర్‌లలో జనం కిక్కిరిసి ఉన్నారు, వాళ్లకు కదా కావాలి!

నా ఓటు రెండో దాని వైపే కొంచెం ఎక్కువ మొగ్గుతుంది. దానికి కారణం విమానం ఎక్కేవాళ్లు కాదు.

విమానం ఎక్కని ఎయిర్‌పోర్ట్ జనం

ఎయిర్‌పోర్ట్ అనగానే మనకు ట్రాలీ తోసుకెళ్లేవాళ్లే గుర్తొస్తారు. కానీ రోజూ అక్కడికి వెళ్లేవాళ్లలో వేలమంది జీవితంలో ఒక్కసారీ విమానం ఎక్కనివాళ్లు. ఊడ్చేవాళ్లు, సామాన్లు ఎక్కించేవాళ్లు, కార్గోలో పనిచేసేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, కాఫీ షాపుల్లో పిల్లలు, చుట్టుపక్కల గోడౌన్లలో ప్యాకింగ్ చేసేవాళ్లు. మూడు షిఫ్టులు. ఎయిర్‌పోర్ట్‌కు రాత్రి ఉండదు.

ఉందానగర్ స్టేషన్ బయట ఒకామె ఆటో కోసం చూస్తూ కనిపించింది. టెర్మినల్‌లో హౌస్‌కీపింగ్ పని. ఇల్లు ఫలక్‌నుమా అవతల. రైలు టైముకు షిఫ్టు కలిస్తే రైలు, లేకపోతే రెండు షేర్ ఆటోలు. "రైలుకు అయ్యేదెంత తమ్మీ, చిల్లరే. ఈడ దిగినంక ఆటోకే అన్ని పైసలు పోతయ్" అంది. రాత్రి షిఫ్టు అయితే ఏం చేస్తారని అడిగా. "పొద్దుగాల దాక ఆడనే కూసుంట" అంది మామూలుగా.

ఆరు కిలోమీటర్ల పట్టా లేకపోవడం అంటే కాగితం మీద ఒక గీత చెరిపేయడం. ఆమెకు మాత్రం ఇంటికి పోవాల్సిన నాలుగు గంటలు ఒక కుర్చీలో పోవడం.

ఇంకొకళ్లు కూడా ఉన్నారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు. వాళ్ల ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రీ తెల్లవారుజామునే. ఊరి నుంచి జీపు మాట్లాడుకుని, ఇంటిల్లిపాదీ వచ్చి, డ్రాపింగ్ దగ్గర ఏడ్చి, మళ్లీ అదే జీపులో పోతారు. జేబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్ట్ వస్తుందంటే ఆ జీపు కిరాయి మిగులుతుంది. దుబాయ్‌లో మొదటి నెల జీతం రాకముందే అప్పు కాస్త తగ్గుతుంది.

చెంగ్డూలో ఏం చేశారు?

మన ఊరిని చైనాతో పోల్చడం చాలామందికి నచ్చదు. అయినా ఒక్కసారి చెంగ్డూను చూడండి. సిచువాన్ రాష్ట్ర రాజధాని. జనాభా 2 కోట్ల పైనే. అక్కడ మెట్రో మొదటి లైను 2010 సెప్టెంబర్‌లో నడిచింది, అంటే మనకంటే ఏడేళ్లు ముందు. పదేళ్లు తిరిగేసరికి, 2020 చివరికి, 500 కిలోమీటర్లు దాటింది.

కిలోమీటర్లు వదిలేయండి. డబ్బు, అధికారం ఉంటే ఎవరైనా పొడుగు పెంచుతారు. నాకు ఆసక్తి కలిగించింది అతుకులు వేసిన తీరు. చెంగ్డూలో ఏడో నంబరు లైను ఊరి చుట్టూ వలయంలా తిరుగుతుంది. ఉత్తర రైల్వే స్టేషన్, తూర్పు స్టేషన్, దక్షిణ స్టేషన్... మూడూ ఆ వలయంలో పూసల్లా ఉంటాయి. ఏ రైలు దిగినా అక్కడే మెట్రో. పాత విమానాశ్రయం షువాంగ్లియు రెండో టెర్మినల్ కింద 2014లోనే రైల్వే స్టేషన్ తెరిచారు. పక్క ఊళ్ల నుంచి వేగంగా వచ్చే రైలు నేరుగా టెర్మినల్ అడుగుకు వస్తుంది. 2017లో అక్కడికే మెట్రో పదో లైను వచ్చింది. 2021లో తియాన్‌ఫు అని రెండో విమానాశ్రయం తెరిచారు. దానికి మెట్రో కూడా విమానాశ్రయంతో పాటే సిద్ధమైంది. మనం విమానాశ్రయం తెరిచిన పద్నాలుగేళ్లకు శంకుస్థాపన చేశాం, ఆ తర్వాత దారే మార్చేశాం.

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉంది. అక్కడ పట్టణ భూమి ప్రభుత్వానిది. గీత గీస్తే గీసినట్టే. ఇక్కడ పాతబస్తీలో ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట లైను కోసం ఇళ్లు, దుకాణాలు పోతున్నవాళ్లకు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, గజానికి 81 వేల రూపాయల లెక్కన పరిహారం కట్టాలి. ఆలస్యమవుతుంది. కానీ తరాలుగా ఉన్న దుకాణం పోతున్నవాడికి ఆ ఆలస్యం ఒక హక్కు. దాన్ని నేను తప్పు పట్టను.

వేగం మీద ఇంకో హెచ్చరిక కూడా చైనాలోనే ఉంది. హెనాన్ రాష్ట్ర రాజధాని జెంగ్‌జౌలో 2021 జులై 20న కుండపోత వాన పడి అయిదో నంబరు మెట్రో సొరంగంలోకి నీళ్లు వచ్చాయి. 14 మంది చనిపోయారు. మన ఎయిర్‌పోర్ట్ లైను ప్రతిపాదనలో దాదాపు అంతా పైనుంచే వెళ్తుంది గానీ, విమానాశ్రయం దగ్గర ఒక ముక్క, ఒక స్టేషన్ నేల కిందే. 2020 అక్టోబర్ వానల్లో ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట పరిసర కాలనీలు ఎలా మునిగాయో మనం మరిచిపోలేదు. వాన నీరు ఎటు పోవాలో తేల్చుకున్నాకే సొరంగం తవ్వాలి.

కాబట్టి చెంగ్డూ నుంచి తెచ్చుకోవాల్సింది వేగం కాదు. దిగినచోటే ఇంకోటి ఎక్కే ఏర్పాటు.

పక్కపక్కనే ఉంటారు, మాట్లాడుకోరు

మన దగ్గర ఆ ఏర్పాటు ఎలా ఉంది? బేగంపేటలో మెట్రో ఉంది, ఎంఎంటీఎస్ ఉంది. ఖైరతాబాద్‌లో రెండూ ఉన్నాయి. భరత్‌నగర్‌లో రెండూ ఉన్నాయి. మలక్‌పేటలోనూ అంతే. నాంపల్లి రైల్వే స్టేషన్ 1907 నాటిది, దాని దగ్గర్లోనే మెట్రో స్టేషన్ ఉంది. కానీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లాలంటే రోడ్డు మీదికి దిగాలి, బండ్ల మధ్యలోంచి దాటాలి, ఇంకో టికెట్ తీసుకోవాలి. రెండూ పక్కింటివాళ్లు, కానీ పలకరింపుల్లేవు.

2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ తెరిచారు. చూస్తే ఎయిర్‌పోర్టేనా అనిపిస్తుంది. అంత అందమైన స్టేషన్‌కూ మెట్రో లేదు. స్టేషన్ అంటే అద్దాల బిల్డింగు, ఎస్కలేటర్ అని మనం అనుకుంటున్నాం. నా లెక్కలో స్టేషన్ విలువ తెలిసేది దిగాక మొదటి పది నిమిషాల్లో. బయటికొచ్చాక ఏం దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, ఆడపిల్ల రాత్రి పదకొండుకు ఒంటరిగా నిలబడగలదా... ఇవే స్టేషన్‌కు మార్కులు.

మెట్రో వచ్చేదాకా ఆగాలా?

కేంద్రం ఒప్పుకోవాలి, డబ్బు రావాలి, భూమి రావాలి, స్తంభాలు లేవాలి. అన్నీ సవ్యంగా జరిగినా ఎయిర్‌పోర్ట్ మెట్రోకు ఏళ్లు పడుతుంది. ఈలోపు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వీటికి వేల కోట్లు అక్కర్లేదు.

మొదటిది: ఉందానగర్‌కు వచ్చే ప్రతి రైలుకూ ఎయిర్‌పోర్ట్ బస్సు కలపాలి. రైలు ఆలస్యమైతే బస్సు కూడా ఆగాలి. ఆరు కిలోమీటర్లు బస్సుకు ఎంతసేపు? ఆ బస్సు ముందు షిఫ్టు వేళలు చూసుకుని నడవాలి, తర్వాత ఫ్లైట్ల వేళలు.

రెండోది: పేరు. బోర్డు మీద 'ఉందానగర్' పక్కనే 'శంషాబాద్' అని పెద్దక్షరాలతో కనిపించాలి. ఫోన్ మ్యాప్‌లో శంషాబాద్ స్టేషన్ అని వెతికేవాడికి దారి దొరకాలి. పాత పేరు తీసేయమని కాదు, చుట్టం పేరు కూడా రాయమని.

మూడోది: కొత్త మెట్రో గీత ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట మీదుగా పోతుంది కదా. ఆరాంఘర్ చుట్టుపక్కలే శివరాంపల్లి, బుద్వేల్ రైల్వే స్టేషన్లున్నాయి. పాతబస్తీ మెట్రో ఫలక్‌నుమా మీదుగా పోతుంది, అక్కడా రైల్వే స్టేషన్ ఉంది. స్తంభాలు వేయకముందే ఆ స్టేషన్లను నడక వంతెనలతో కలిపేలా గీసుకోవాలి. కట్టాక కలపడం అంటే గోడ కట్టాక కిటికీ కోసం పగలగొట్టడమే.

నాలుగోది: ఒకే టికెట్. మెట్రోకు వాట్సాప్‌లో టికెట్ వస్తోంది. ఆర్టీసీలో ఫోన్‌తో డబ్బు కట్టేస్తున్నాం. రైలు, మెట్రో, బస్సు మూడింటికీ ఒకే క్యూఆర్ కోడ్ పెట్టడానికి సాంకేతికంగా అడ్డు లేదు. అడ్డల్లా మూడు ఆఫీసులు ఒక బల్ల దగ్గర కూర్చోకపోవడమే.

మనం అడగాల్సింది

ఎన్నికలప్పుడు ప్రతి పార్టీ మెట్రో మ్యాప్ చూపిస్తుంది. ఎర్ర గీత, నీలి గీత, పచ్చ గీత. మనం 'మా ఏరియాకు వస్తుందా' అని మాత్రమే చూస్తాం. ఈసారి ఇంకో ప్రశ్న అడగండి: 'ఆ గీత దేనితో కలుస్తుంది?' ఎందుకంటే ఉందానగర్ దాకా పట్టాలు వేసి వంతెనలు కట్టింది కూడా ఇలాంటి మ్యాప్ చూపించే. గీత పొడుగు బాగానే ఉంది, కొస మాత్రం గాల్లో వేలాడుతోంది.

టెర్మినల్ కుర్చీలో తెల్లారేదాకా కూర్చునే ఆమెకు 76 కిలోమీటర్ల మెట్రో ఇప్పుడే అక్కర్లేదు. రాత్రి షిఫ్టు దిగాక ఉందానగర్ వైపు కదిలే ఒక బస్సు, అక్కడ దానికోసం ఆగి ఉండే ఒక రైలు చాలు. ముందు అది వేసి చూపించండి. తర్వాత శంకుస్థాపనలకు మేమే చప్పట్లు కొడతాం.